‘ఎవరి తప్పు?’ దగ్గరే ఆగితే.. ప్రమాదం మళ్లీ వస్తుంది!

ఫ్యాక్టరీ పేలినా, రైళ్లు ఢీకొన్నా, బస్సు తగలబడినా మన నోట మొదట వచ్చే మాట ‘తప్పెవరిది?’. దర్యాప్తు నిపుణులు మాత్రం ‘ఎలా జరిగింది?’ అని మొదలుపెడతారు. ఈ రెండో ప్రశ్నను సరిగ్గా అడగడం ఒక విద్య. దానికి పద్ధతులున్నాయి, శిక్షణ ఉంది, ఉద్యోగాలూ ఉన్నాయి. ఆ విద్య తెలిసినవాళ్లు మన తార్నాక చుట్టుపక్కలే పనిచేస్తున్నారు. కానీ ఆ గోడల పక్కనే చదువుకుంటున్న విద్యార్థుల్లో ఎందరికి ఈ రంగం గురించి తెలుసు?

2025 జూన్ 30 ఉదయం సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో భారీ పేలుడు జరిగింది. 54 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎనిమిది మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. చనిపోయినవాళ్లలో చాలామంది పొట్ట చేతబట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. కారణాలు తేల్చేందుకు రాష్ట్ర ప్రభుత్వం నిపుణుల కమిటీని నియమించింది. దానికి నేతృత్వం వహించింది తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)కి చెందిన సీనియర్ శాస్త్రవేత్త.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది మైక్రో క్రిస్టలైన్ సెల్యులోజ్. మందు బిళ్లల తయారీలో వాడే మెత్తటి తెల్లటి పొడి. మైదాపిండిలా కనిపించే ఇలాంటి పొడిని చూసి ఎవరూ భయపడరు. అయితే మండే గుణమున్న సన్నటి పొడి మూసి ఉన్న చోట గాలిలో తగినంతగా కలిసి, ఒక నిప్పురవ్వ తగిలితే బాంబులా పేలగలదు. మొదటి చిన్న పేలుడు అదురుకు దూలాల మీద, పైపుల మీద ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము పైకి లేస్తుంది. అది అంటుకుంటే రెండో పేలుడు. చాలాసార్లు ప్రాణాలు తీసేది ఈ రెండోదే. అంటే రోజూ ఊడ్చే పని కూడా భద్రతలో భాగమే. ఈ సంగతి తెలిసిన దర్యాప్తు అధికారి శిథిలాల్లోకి వెళ్లినప్పుడు యంత్రం ఒక్కదాన్నే చూడడు. దుమ్ము ఎక్కడ పేరుకుంది, ఎన్నాళ్లకోసారి తుడిచారు, ఆ రిజిస్టర్‌లో సంతకం ఎవరిది అని వెతుకుతాడు. తెలియని వ్యక్తి యంత్రం నడిపిన ఆపరేటర్ పేరు రాసుకుని తిరిగొస్తాడు.

ఒకే చౌరస్తా.. మూడు దారులు

ఉస్మానియా క్యాంపస్ నుంచి తార్నాక చౌరస్తాకు వస్తే ఈ విద్యకు సంబంధించిన సంస్థలు ఎంత దగ్గరగా ఉన్నాయో అర్థమవుతుంది. ఉప్పల్ వైపు వెళ్తే ఐఐసీటీ. నిజాం కాలంలో 1944లో మొదలైన ప్రయోగశాలలే దీనికి పునాది. మెట్టుగూడ వైపు వెళ్తే లాలాగూడ దగ్గర ఇరిసెట్. 1957లో ఏర్పడిన ఈ సంస్థ దేశంలోని రైల్వే జోన్లన్నింటి సిగ్నల్, టెలికాం ఇంజనీర్లకు శిక్షణ ఇస్తుంది. వెనక్కి తిరిగి క్యాంపస్‌లోకి వెళ్తే కెమికల్ ఇంజనీరింగ్ బోధించే టెక్నాలజీ కాలేజీ, ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నాయి. క్యాంపస్‌ను ఆనుకునే జాతీయ పోషకాహార సంస్థ. కాస్త ముందుకెళ్తే రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ లేబొరేటరీ.

రసాయనం, సిగ్నల్, ఆహారం, ఫోరెన్సిక్స్.. ప్రమాద విశ్లేషణకు కావాల్సిన విభాగాలన్నీ సిటీ బస్సులో తిరిగేంత దూరంలోనే ఉన్నాయి. పెద్ద ప్రమాదం జరిగితే ప్రభుత్వం వీళ్లలో కొందరిని పిలుస్తుంది. కమిటీ నివేదిక ఇస్తుంది. తర్వాత ఎవరి పని వాళ్లది. ఈ అనుభవం తరగతి గదిలోకి పాఠంగా రావడం మాత్రం అరుదు. చాలా కాలేజీల్లో ప్రాసెస్ సేఫ్టీ అంటే చివరి సెమిస్టర్లలో వచ్చే ఒక ఎలక్టివ్. ‘ఈజీగా మార్కులొస్తాయి’ అని తీసుకునే సబ్జెక్టు!

సిగ్నల్ చెప్పిన పాఠం

2023 జూన్ 2న ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లా బహనగా బజార్ స్టేషన్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్‌లోకి మళ్లి, అక్కడ ఆగి ఉన్న గూడ్సును ఢీకొట్టింది. పక్క లైన్లో వెళ్తున్న మరో రైలు కూడా ప్రమాదంలో చిక్కుకుంది. 290 మందికి పైగా చనిపోయారు. తొలి గంటల్లో అనుమానాలు లోకో పైలట్ మీదకు వెళ్లాయి. కానీ ఆయనకు కనిపించింది పచ్చ సిగ్నలే. మరి రైలు లూప్ లైన్‌లోకి ఎలా వెళ్లింది?

రైల్వే భద్రతా కమిషనర్ దర్యాప్తు ఆ ప్రశ్న వెంటే నడిచింది. ఆ దర్యాప్తులో తేలిన అంశాలను అదే ఏడాది జులైలో రైల్వే మంత్రి రాజ్యసభకు రాతపూర్వకంగా చెప్పారు. స్టేషన్ ఉత్తరం వైపు సిగ్నల్ గుమ్టీలో గతంలో సర్క్యూట్‌లో చేసిన మార్పుల్లో లోపం ఉంది. 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటుకు ఎలక్ట్రిక్ బారియర్ మార్చే పనిలో మరో లోపం దానికి తోడైంది. రెండూ కలిసి రైలుకు తప్పుడు సిగ్నల్ ఇచ్చాయి.

అంతకన్నా బాధ కలిగించే విషయం ఇంకొకటి. 2022 మే 16న ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బంక్రా నయాబాజ్ స్టేషన్‌లో తప్పుడు వైరింగ్ వల్ల ఇలాంటి ఘటనే జరిగింది. అప్పుడు ఎవరూ చనిపోలేదు కాబట్టి అది పెద్ద వార్త కాలేదు. ఆ ఘటన తర్వాతే వైరింగ్ లోపాలను సరిదిద్ది ఉంటే బహనగా బజార్ ప్రమాదం జరిగేదే కాదని భద్రతా కమిషనర్ నివేదిక పేర్కొన్నట్టు వార్తలొచ్చాయి. ప్రాణనష్టం లేని ఆ చిన్న ఘటనలోనే పెద్ద ప్రమాదం నివారణ సూత్రం దాగి ఉంది. దర్యాప్తు విద్య అసలు విలువ అక్కడే తెలుస్తుంది. శవాలు లేచాక చేసే దర్యాప్తు చరిత్రను చెబుతుంది. త్రుటిలో తప్పిన ఘటన మీద చేసే దర్యాప్తు ప్రాణాలు కాపాడుతుంది.

విశాఖ ట్యాంకు, ఒడిశా సర్క్యూట్.. ఒకే జబ్బు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నియమించిన హైపవర్ కమిటీ ఎం6 అనే ట్యాంకు చరిత్రనంతా తవ్వి తీసింది. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగు భాగంలోనే ఉంది. పైభాగంలో వేడి ఎంత పెరుగుతోందో చెప్పే సాధనం లేదు. స్టైరీన్ తనంతట తాను గట్టిపడి వేడెక్కకుండా కలపాల్సిన నిరోధక రసాయనం నిల్వ లేదు. ట్యాంకులో ద్రవం బాగా కలిసేలా ఉన్న పైపుల అమరికను అంతకు కొన్ని నెలల ముందు మార్చారు. ఫ్యాక్టరీలో 36 చోట్ల సైరన్ మోగించే వీలున్నా ఊరివాళ్లను అప్రమత్తం చేయడానికి వాడలేదు.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి రసాయన ట్యాంకు. మరొకటి రైల్వే సర్క్యూట్. పైకి ఏ సంబంధమూ లేదు. కానీ రెండు చోట్లా ఉన్న వ్యవస్థలో మార్పు చేశారు. ఆ మార్పు వల్ల ఇంకేం మారుతుందో పూర్తిగా పరీక్షించలేదు. 1974 జూన్‌లో ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరోలో 28 మందిని బలిగొన్న పేలుడు కథా ఇదే. పాడైన రియాక్టర్‌ను తప్పించడానికి తాత్కాలికంగా వేసిన బైపాస్ పైపు తెగింది. ఆ తర్వాతే రసాయన పరిశ్రమల్లో ‘మార్పుల నిర్వహణ’ అనే క్రమశిక్షణకు ప్రాధాన్యం పెరిగింది. చిన్న మార్పు చేసినా దాన్ని కాగితం మీద పెట్టాలి. మరో నిపుణుడు పరిశీలించాలి. డ్రాయింగ్ మార్చాలి. సిబ్బందికి చెప్పాలి. ఆ తర్వాతే స్విచ్ వేయాలి.

వేర్వేరు ప్రమాదాల్లో ఇలా ఒకే జబ్బును గుర్తుపట్టడం పుట్టుకతో వచ్చే తెలివి కాదు. నేర్చుకుంటే వచ్చే నైపుణ్యం.

ఏం నేర్పిస్తారు?

శిక్షణలో మొదటి పాఠం సాక్ష్యం కాపాడటం. ఘటనా స్థలాన్ని కదిలించకముందే ఫొటోలు, కొలతలు తీసుకోవాలి. కంప్యూటర్‌లోని రికార్డులు చెరిగిపోకుండా చూడాలి. సాక్షులతో విడివిడిగా మాట్లాడాలి. ‘నువ్వు వాల్వ్ ఎందుకు మూయలేదు?’ అని అడిగితే ఎదుటి మనిషి బిగుసుకుపోతాడు. ‘ఆ పూట డ్యూటీ ఎక్కినప్పటి నుంచి ఏం జరిగిందో చెప్పు అన్నా’ అంటే మనసు విప్పుతాడు. ఈ తేడా పుస్తకంలో చదివితే చాలదు, సాధన చేయాలి.

రెండోది కాలక్రమం. ఏ నిమిషానికి ఏం జరిగిందో వరసగా గోడ మీద చీటీలు అంటించి చూస్తారు. దీని బలం కర్నూలు ఘటనలో కనిపిస్తుంది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు చనిపోయారు. బస్సు బైకును ఢీకొట్టడంతో మంటలు వచ్చాయని మొదట అంతా అనుకున్నారు. బైకు మీద వెనక కూర్చున్న వ్యక్తి బతికి చెప్పిన వివరాలతో వరస మారింది. బైకు ముందే జారి పడింది. నడిపిన యువకుడు అక్కడే చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న బైకును ఆ తర్వాత వచ్చిన బస్సు ఈడ్చుకెళ్లింది. వరస మారితే ప్రశ్నలు మారతాయి. చీకట్లో రోడ్డు మీద పడి ఉన్న అడ్డంకి డ్రైవర్‌కు ఎంత దూరం నుంచి కనిపిస్తుంది? మంటలు మొదలయ్యాక లోపలివాళ్లు బయటపడటానికి ఎన్ని దారులున్నాయి? ఇలాంటి ప్రశ్నలే తర్వాతి బస్సును కాపాడేవి.

మూడోది కారణాల విశ్లేషణ. ఇందులో ప్రధానంగా వాడే పద్ధతులు ఇవీ:

ఐదు ‘ఎందుకు’లు: టొయోటా కంపెనీ వల్ల ప్రసిద్ధి చెందిన పద్ధతి. జవాబు వచ్చిన ప్రతిసారీ దాని మీద మళ్లీ ‘ఎందుకు’ అని అడగడం. సులువైనదే, కానీ ఒకే గీతలో వెళ్తుంది. పక్కనున్న కారణాలు జారిపోతాయి.

చేపముల్లు చిత్రం: జపాన్ ఇంజనీర్ కౌరు ఇషికావా పేరుతో పిలుస్తారు. మనిషి, యంత్రం, ముడిసరుకు, పద్ధతి.. ఇలా విభాగాల వారీగా కారణాలను ముల్లులా గీస్తారు. బృందంగా ఆలోచించడానికి పనికొస్తుంది.

ఫాల్ట్ ట్రీ: 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో క్షిపణి వ్యవస్థ భద్రత కోసం పుట్టింది. ప్రమాదాన్ని పైన రాసి, అది జరగాలంటే కింద ఏవేవి కలవాలో చెట్టులా గీస్తారు. ఇంజనీరింగ్ విద్యార్థులు చదివే లాజిక్ గేట్లే ఇక్కడా.

స్విస్ చీజ్ నమూనా: బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ ప్రాచుర్యంలోకి తెచ్చారు. ప్రతి రక్షణ పొరలోనూ చిల్లులుంటాయి. అన్ని చిల్లులూ ఒకే వరసలోకి వచ్చిన రోజున ప్రమాదం. మన ఇళ్లలో జల్లెడల మీద జల్లెడ పెట్టి ఊహించుకున్నా సరిపోతుంది.

ఏ పద్ధతి వాడినా ఒక సూత్రం మారదు. ‘మానవ తప్పిదం’ అనే మాట దర్యాప్తుకు ముగింపు కాకూడదు, అక్కడి నుంచే అసలు దర్యాప్తు మొదలవ్వాలి. ఆ మనిషి ఎన్ని గంటలు డ్యూటీలో ఉన్నాడు? అతనికి శిక్షణ ఇచ్చారా? తప్పు చేసినా ప్రమాదం జరగకుండా ఆపే ఏర్పాటు ఎందుకు లేదు?

శిక్ష వేరు.. దర్యాప్తు వేరు

‘అయితే తప్పు చేసినవాళ్లను వదిలేయమంటారా?’ అనే సందేహం న్యాయమైనదే. వదిలేయమని ఎవరూ అనరు. నేరం తేల్చడానికి పోలీసులు, కోర్టులు ఉన్నాయి. బాలేశ్వర్ ఘటనలో సీబీఐ రైల్వే సిబ్బందిని అరెస్టు చేసింది కూడా. కారణం తేల్చే పని వేరే వ్యవస్థ చేయాలి. ఎందుకంటే జైలుకు పోతానన్న భయం ఉన్నచోట నిజం బయటికి రాదు.

విమానయానం ఈ తేడాను ముందే గుర్తించింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లోని 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు ఏకైక లక్ష్యం మరో ప్రమాదం జరగకుండా చూడటమే, నింద మోపడం కాదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో 260 మందిని బలిగొన్న ఎయిర్ ఇండియా ప్రమాదంపై దర్యాప్తు సంస్థ నెల రోజులకు ప్రాథమిక నివేదిక ఇచ్చింది. అందులో తుది కారణం చెప్పలేదు. అయినా కాక్‌పిట్‌లోని రెండు మాటలు పట్టుకుని పైలట్ల మీద తీర్పులు మొదలైపోయాయి. చదువుకున్నవాళ్లకూ ఈ తేడా తెలియదనడానికి ఇదే ఉదాహరణ.

రైల్వేలో భద్రతా కమిషన్ రైల్వే శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. తన ప్రమాదాన్ని తానే విచారించుకోకూడదన్నదే దాని వెనుక ఉద్దేశం. ఫ్యాక్టరీలకు, రోడ్లకు మాత్రం ఇలాంటి స్వతంత్ర శాశ్వత సంస్థ లేదు. ప్రమాదం జరిగాకే కమిటీ పుడుతుంది, నివేదిక ఇవ్వగానే రద్దవుతుంది. 2023లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,72,890 మంది చనిపోయారు. వీటిలో ఎక్కువ కేసుల్లో దర్యాప్తు ‘అతివేగం, నిర్లక్ష్యం’ అనే రెండు మాటల దగ్గరే ముగిసిపోతుంది. రోడ్డు మలుపు, వెలుతురు, డివైడర్ గురించి రాసేవాళ్లు తక్కువ.

కొత్త చట్టం.. కొత్త అవసరం

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం 500 మంది, ఆపైన కార్మికులున్న ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసర్‌ను నియమించాలి. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీల్లో, నిర్మాణ పనుల్లో ఈ పరిమితి 250. గనుల్లో 100. పాత ఫ్యాక్టరీల చట్టంలో సాధారణ పరిమితి 1000 కాబట్టి కొలువులు పెరిగే అవకాశముంది.

కానీ ఈ లెక్కలో ఒక చిల్లు ఉంది. పాశమైలారం, జీడిమెట్ల, అచ్యుతాపురం లాంటి పారిశ్రామికవాడల్లో 250 కంటే తక్కువ మందితో నడిచే యూనిట్లు ఎన్నో. సిగాచి పేలుడు సమయంలో లోపల ఉన్నది సుమారు 140 మంది అని వార్తలొచ్చాయి. రసాయనానికి మనుషుల లెక్క తెలియదు. 50 మంది ఉన్నచోటా అది అలాగే పేలుతుంది. అందుకే చిన్న యూనిట్లలో పనిచేసే షిఫ్ట్ ఇంజనీర్, కెమిస్ట్, సూపర్‌వైజర్‌కు ఈ విద్య రావాలి. సేఫ్టీ ఆఫీసర్ లేనిచోట ‘నిన్న రాత్రి చిన్న పొగ వచ్చింది, ఎందుకు?’ అని అడగాల్సింది వాళ్లే.

భాష సంగతీ మరవొద్దు. సేఫ్టీ ఆఫీసర్‌కు ఆ ప్రాంత కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష రావాలని చాలా రాష్ట్రాల నిబంధనల్లో ఉంది. ఇవాళ హైదరాబాద్ శివార్లలోని ఫ్యాక్టరీల్లో వినిపించేది హిందీ, భోజ్‌పురి, ఒడియా కూడా. సాక్షి భాష రాని దర్యాప్తు సగం దర్యాప్తే.

మీరెలా మొదలుపెట్టాలి?

కెమికల్, మెకానికల్ విద్యార్థులు: ముంబయిలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై తదితర నగరాల్లోని ప్రాంతీయ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లు నిర్వహించే పారిశ్రామిక భద్రత అడ్వాన్స్‌డ్ డిప్లొమాకు పరిశ్రమల్లో గుర్తింపు ఉంది. ఊరూరా వెలసిన సేఫ్టీ కోర్సుల్లో చేరేముందు ఆ సర్టిఫికెట్ సేఫ్టీ ఆఫీసర్ నియామకానికి చెల్లుతుందా అని రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖను అడిగి తెలుసుకోండి. ఫీజు కట్టాక అడిగితే లాభం లేదు.

ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు: యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్, ఆర్‌ఆర్‌బీ జూనియర్ ఇంజనీర్ పరీక్షలు రైల్వే సిగ్నల్ విభాగానికి దారి. ఆ దారిలో వెళ్లినవాళ్లకు ఇరిసెట్ శిక్షణ ఉంటుంది.

సైన్స్ డిగ్రీ విద్యార్థులు: ఫోరెన్సిక్ లేబొరేటరీలు, బీమా సర్వేయర్ వృత్తి పరిశీలించదగ్గవి. అగ్నిప్రమాదం జరిగిన గోదాములో మంట ఎక్కడ మొదలైందో తేల్చడం కూడా ఈ విద్యలో భాగమే.

గ్రూప్స్ అభ్యర్థులు: విపత్తు నిర్వహణ పాఠాన్ని నిర్వచనాలతో సరిపెట్టకండి. ఎల్జీ పాలిమర్స్ ఘటనపై హైపవర్ కమిటీ నివేదిక లాంటివి చదవండి. రేపు ఆర్డీవోగానో డీఎస్పీగానో ఘటనా స్థలానికి మొదట చేరేది మీరే కావచ్చు. సాక్ష్యం నిలిచేదీ చెరిగేదీ ఆ మొదటి గంటలోనే.

ఇక క్యాంపస్‌లోనే చేయగల పని ఒకటుంది. రాత్రి పూట క్యాంపస్ రోడ్డు మీద ఒక విద్యార్థి బైకు జారి పడ్డాడనుకోండి. ‘స్పీడుగా పోయాడు’ అంటే కథ అయిపోతుంది. ఎందుకు పడ్డాడు? స్పీడ్ బ్రేకర్ కనిపించలేదు. ఎందుకు? పెయింట్ చెరిగిపోయింది, పైన లైటు వెలగడం లేదు. ఎందుకు? లైటు పోయిందని చెప్పినా నమోదు చేసేవాళ్లు లేరు. ఎందుకు? ఫిర్యాదు తీసుకోవాల్సింది హాస్టలా, ఇంజనీరింగ్ విభాగమా అన్న స్పష్టత లేదు. నాలుగు ప్రశ్నల్లో స్పీడ్ నుంచి పరిపాలన దాకా వచ్చాం. బల్బు మారిస్తే ఒక రోడ్డు బాగుపడుతుంది. ఫిర్యాదు దారి సరిచేస్తే అన్ని రోడ్లూ బాగుపడతాయి.

ల్యాబ్‌లో బీకరు పగిలినా, ఫ్యూమ్ హుడ్ పనిచేయకపోయినా, వైరు నుంచి నిప్పురవ్వ వచ్చినా ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టండి. తేదీ, సమయం, ఏం జరిగింది, ఇంకేం జరిగి ఉండేది. ఎవరి పేరూ రాయొద్దు. సెమిస్టర్ చివర ఆ నోట్‌బుక్‌ను క్లాసులో చర్చకు పెట్టమని లెక్చరర్‌ను అడగండి. పక్క రోడ్డులోనే ఉన్న ఐఐసీటీ నుంచో, ఇరిసెట్ నుంచో ఒక నిపుణుడిని ఆ రోజు పిలవమనండి. దీనికి కొత్త కోర్సు, కొత్త జీవో అక్కర్లేదు.

పాశమైలారంలో ఆనవాళ్లు కూడా దక్కని ఎనిమిది మంది కుటుంబాలకు నష్టపరిహారం ఒక జవాబు. అరెస్టులు ఇంకో జవాబు. ‘మావాడు ఎలా పోయాడు, ఇంకొకరు అలా పోకుండా ఏం మార్చారు?’ అన్నది మూడో ప్రశ్న. దానికి జవాబు చెప్పగలిగినవాళ్లు ప్రతి షిఫ్టులో, ప్రతి స్టేషన్లో ఒక్కరైనా ఉండాలి.